కింద బంగారం, పైన పట్టా: రోషియా మోంటానా కథ

క్రీ.శ. 159, మే 6. వెటూరియస్ వాలెన్స్ అనే ఆసామి తన ఇంట్లో సగం అమ్మేశాడు. కొన్నది బాటో కొడుకు ఆందుయా. ధర 300 దెనారీలు, అంటే రోమన్ వెండి నాణేలు. ఏ సగం అన్నదాని మీద తర్వాత తగాదా రాకుండా 'లోపలికి వెళ్తుంటే కుడిచేతి వైపు' అని రాసుకున్నారు. ఇంటి మీద ఇంకెవరైనా హక్కు నిరూపించుకుంటే డబ్బు వెనక్కి ఇస్తానని, మళ్లీ పన్నుల లెక్క తేలేదాకా ఇంటి పన్ను తానే కడతానని అమ్మినాయన ఒప్పుకున్నాడు. ఇప్పటి సేల్ డీడులో ఉండే హద్దులు, హామీ, బకాయిల షరతు మూడూ అందులో ఉన్నాయి. కాగితం బదులు మైనం పూసిన చెక్క పలక, అంతే తేడా. అది దొరికింది రుమేనియాలో, ట్రాన్సిల్వేనియా కొండల్లోని పాత బంగారు గనిలో. రోమన్ల కాలంలో ఆ ఊరి పేరు అల్బర్నస్ మయోర్. ఇప్పుడు రోషియా మోంటానా.

అలాంటి పలకలు అక్కడ 18, 19 శతాబ్దాల్లో రెండు డజన్ల దాకా బయటపడ్డాయి. అప్పు పత్రాలు, గని కూలీల ఒప్పందాలు, బానిసల అమ్మకాలు. ఒక కూలీ ఒప్పందంలోనైతే గనిలోకి నీళ్లొచ్చి పని ఆగితే జీతం ఎలా కోయాలో కూడా ఉంది. అంత లెక్కగా బతికిన ఊళ్లోనే, పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత, మళ్లీ ఇళ్ల దస్తావేజుల చుట్టూ పెద్ద గొడవ నడిచింది. యూరప్‌లోనే అతి పెద్ద ఓపెన్‌కాస్ట్ (కొండను పైనుంచే తవ్వేసే) బంగారు గని అవుతుందనుకున్న ప్రాజెక్టు ఆ దస్తావేజుల దగ్గరే చిక్కుకుంది.

ఈ కథను ఎక్కువగా సైనైడ్ కథగా, అంటే రాయిలోంచి బంగారం తీయడానికి వాడే విషం కథగా చెబుతారు. అదీ నిజమే. 2000 జనవరి చివర అదే దేశంలో బాయా మారే దగ్గర ఒక గని వ్యర్థాల చెరువు కట్ట తెగి, సైనైడ్ కలిసిన దాదాపు లక్ష ఘనపు మీటర్ల నీళ్లు నదుల్లో కలిశాయి. హంగరీ దాకా చేపలు చచ్చి తేలాయి. ఆ తర్వాత సైనైడ్ వాడే గని అంటే జనానికి వణుకు పుట్టడంలో వింత లేదు. కానీ సైనైడ్ భయం నగరాల్లో జనాన్ని రోడ్డెక్కించింది 2013లో. అంతకు ముందు పదేళ్లకు పైగా గనిని కదలనివ్వని వాటిలో ముఖ్యమైనది, అంతగా ఎవరూ మాట్లాడనిది, మామూలు ఆస్తి హక్కు. అమ్మేది లేదన్న కొన్ని కుటుంబాల సంతకం.

ప్రాజెక్టు కొలతలు చూస్తే ఆ సంతకాల విలువ తెలుస్తుంది. కెనడాలో నమోదైన గేబ్రియల్ రిసోర్సెస్‌కు సుమారు 80 శాతం, రుమేనియా ప్రభుత్వ సంస్థ మిన్‌వెస్ట్‌కు 19.31 శాతం వాటాతో ఒక కంపెనీ ఏర్పడింది. తవ్వకం లైసెన్సు 1999లో మొదట ప్రభుత్వ సంస్థ పేరు మీద వచ్చి, 2000లో ఈ కంపెనీకి బదిలీ అయింది. అంచనా 314 టన్నుల బంగారం, 1,500 టన్నులకు అటూ ఇటూగా వెండి. చెతాతే, కర్నిక్, ఒర్లియా, జిగ్ అనే నాలుగు కొండలను గోతులుగా మార్చాలి. పక్కనున్న కోర్నా లోయలో వ్యర్థాలు నింపడానికి 185 మీటర్ల కట్ట కట్టాలి. అంటే మన నాగార్జునసాగర్ డ్యామ్ కన్నా ఎత్తు. మొత్తానికి కావలసింది సుమారు 1,600 హెక్టార్లు, దగ్గర దగ్గర 4,000 ఎకరాలు. ఆ ఎకరాల మీద వందల ఇళ్లు, పచ్చిక మైదానాలు, ఐదు క్రైస్తవ శాఖల చర్చిలు, వాటి శ్మశానాలు ఉన్నాయి.

కింద ఉన్న బంగారం ఎవరిదన్న దానిమీద మాత్రం గొడవే లేదు. అది ప్రభుత్వానిది. ఈ ప్రాంతం ఆస్ట్రియా చక్రవర్తుల కింద ఉన్నప్పుడే, 1854 గనుల చట్టం ఖనిజాన్ని నేల యాజమాన్యం నుంచి విడదీసింది. పొలం నీదైనా తవ్వడానికి సర్కారు అనుమతి కావాలి. రుమేనియాలో కలిశాక 1923 రాజ్యాంగం భూగర్భ సంపద ప్రభుత్వానిదని రాసింది, అప్పటికే ఉన్న హక్కులను మాత్రం కాపాడింది. అందుకే రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇక్కడ చిన్న చిన్న కుటుంబ గనులు నడిచాయి. కొండ మీద చెరువు తవ్వుకుని, ఆ నీటితో తిరిగే చెక్క రోకళ్లతో రాయి దంచుకుని, బంగారం తీసేవారు. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం గనులన్నిటినీ జాతీయం చేయడంతో అది ముగిసింది. తర్వాత గని సర్కారుది, ఊరివాళ్లు అందులో జీతగాళ్లు.

అయితే ఆ ప్రభుత్వం గనులను లాక్కున్నంత గట్టిగా పచ్చిక బీళ్లను లాక్కోలేదు. మైదానాల్లో పొలాలన్నీ సమష్టి క్షేత్రాల్లో కలిపేసినా, ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఆ పని పూర్తిగా జరగలేదు. నిటారు వాలులో రెండు ఆవులకు సరిపడే గడ్డి నేలను కలుపుకుని చేసేదేమీ లేదు. దాంతో ఈ ఊరున్న అపుసెనీ కొండల్లోని చాలా కుటుంబాలకు ఇల్లు, దొడ్డి, గడ్డి నేల చేతుల్లోనే మిగిలాయి. బంగారం పోయింది, నేల ఉంది. యాభై ఏళ్ల తర్వాత కంపెనీ వచ్చేసరికి ఆ మిగిలిన నేలే ఊరివాళ్ల చేతిలో పెద్ద ఆయుధమైంది. ఆ మాట అప్పటి అధికారులకు తట్టి ఉండదు.

చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. రుమేనియా గనుల చట్టం ప్రకారం లైసెన్సు అంటే ఖనిజం తీసుకునే హక్కు మాత్రమే. పైనున్న నేలను కంపెనీ విడిగా సంపాదించుకోవాలి. కొనొచ్చు, మార్పిడి చేసుకోవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు. ఏదీ కుదరకపోతే చట్టబద్ధంగా ప్రభుత్వ స్వాధీనం అనే దారి ఉంది. దానికి మాత్రం రాజ్యాంగం గట్టి గడియ పెట్టింది. ప్రజోపయోగం ఉందని చట్టప్రకారం తేలాలి, న్యాయమైన పరిహారం ముందుగానే చెల్లించాలి. 1994 నాటి స్వాధీన చట్టం ప్రకారం పరిహారం లెక్క తేల్చేది కోర్టు. రోడ్డు, రైలు మార్గం, ఆనకట్ట అంటే ప్రజోపయోగం సులువుగా చూపించొచ్చు. లాభంలో ఎక్కువ వాటా విదేశీ వాటాదారులకు వెళ్లే గనిని అలా చూపించడం ఎలా?

అందుకే కంపెనీ ముందు డబ్బు దారి పట్టింది. ఇంటింటికీ తిరిగి కొనడం మొదలుపెట్టింది. చాలామంది అమ్మారు కూడా. వాళ్లను తప్పుపట్టడం తేలిక, అర్థం చేసుకోవడం కష్టం. సర్కారు గని ఏటేటా నష్టాల్లో నడిచి, రుమేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరడానికి ముందు 2006లో మూతపడింది. ఆ కొండల్లో వేరే ఉద్యోగం లేదు. పిల్లలు అప్పటికే ఇటలీకో, స్పెయిన్‌కో వెళ్లిపోయిన ఇళ్లు ఉన్నాయి. తాత పేరు మీదే ఉండిపోయిన పాత రికార్డును వారసుల పేరు మీదికి మార్పించి, నలుగురు అన్నదమ్ముల వాటాలు తేల్చి, ఆ ఖర్చు తానే భరించి డబ్బు చేతిలో పెట్టేవాడు వస్తే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఆల్బా యూలియా పట్టణం శివార్లలో రెచియా అనే చోట కంపెనీ సుమారు 125 కొత్త ఇళ్లతో కాలనీ కట్టింది. తారు రోడ్లు, వీధిదీపాలు, ఒకే కొలతలో కట్టిన ఇళ్లు. మన ముంపు గ్రామాల పునరావాస కాలనీలు చూసినవాళ్లకు ఆ వరసలు కొత్తగా అనిపించవు. తేడా అల్లా, అక్కడ ఇళ్లు మరీ బాగా కట్టారు.

కొనుగోళ్లు నాలుగింట మూడొంతులు దాటి 80 శాతానికి దగ్గరగా చేరాయి. కాగితం మీద అది గెలుపులా ఉంటుంది. కానీ గొయ్యి శాతాల లెక్కన తవ్వలేరు. కొండను మెట్లు మెట్లుగా తొలుచుకుంటూ దిగే ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యలో ఒక పెంకుటిల్లు మిగిలినా పని ఆగుతుంది. దాన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్లడానికి అది రోడ్డు కాదు. పేలుళ్లకు ఇంత దూరంలో నివాసం ఉండకూడదన్న నియమం ఎటూ ఉంటుంది. వ్యర్థాల చెరువు సంగతి ఇంకా కష్టం. లోయ అడుగున ఒక్క ఇంటివాడు లేవనంటే లోయ మొత్తం నింపడానికి వీల్లేదు. కాబట్టి మొదటి వంద ఇళ్ల కన్నా చివరి పది ఇళ్లకే విలువెక్కువ. కంపెనీ ఇల్లు కొన్న ప్రతిసారీ మిగిలిన ఇళ్ల బలం ఇంకొంచెం పెరిగింది.

అర్థశాస్త్రం చదివినవాళ్లు దీన్ని బేరం కోసం బెట్టు చేయడం అంటారు. చివరిదాకా ఆగి ఎక్కువ రేటు గుంజుకోవడం. అలాంటివాళ్లు ప్రతిచోటా ఉంటారు, ఇక్కడా ఉండే ఉంటారు. కానీ రోషియా మోంటానాలో మొండికేసిన కుటుంబాలు కలిసి 2000లో ఒక సంఘం పెట్టుకున్నాయి. దానికి రోమన్ల నాటి ఊరి పేరే పెట్టారు, అల్బర్నస్ మయోర్. పదేళ్లు, పదిహేనేళ్లు గడిచినా వాళ్లు రేటు అడగలేదు. అడిగి ఉంటే ఆ గని పని ఎప్పుడో మొదలయ్యేది. వాళ్లు చేసింది కోర్టులకెళ్లడం. అనుమతి వచ్చిన ప్రతిసారీ ఒక కేసు. కర్నిక్ కొండ కింది రోమన్ సొరంగాలను తవ్వకానికి వదిలేయొచ్చని పురావస్తు అధికారులు ఇచ్చిన పత్రాన్ని కోర్టులో కొట్టేయించారు. అసలైన పర్యావరణ అనుమతి చివరిదాకా రానేలేదు.

ఇందులో నిశ్శబ్దంగా జరిగిపోయిన పని ఒకటి ఉంది. స్వాధీనం చేసుకోకుండానే ఆస్తి విలువను పిండేసే పని. 2002లో ఊరి కౌన్సిల్ ఆమోదించిన ప్లాను ఆ ప్రాంతాన్ని గనుల పరిశ్రమ జోన్‌గా మార్చింది. ఆ గీత పడ్డాక కొత్తగా పర్యాటకుల బస పెట్టుకోవాలన్నా, వర్క్‌షాపు పెట్టుకోవాలన్నా అనుమతి దొరకడం కష్టమైంది. ఇల్లు నీదే, పట్టా నీదే, కానీ అందులో ఏం చేసుకోవాలన్నా వీల్లేదు. ఇక మిగిలేది అమ్మకమే. అమ్మితే కొనేవాడు ఒక్కడే. 'ఎవరినీ బలవంతం చేయలేదు, అందరూ ఇష్టపూర్వకంగా అమ్మారు' అనే మాటను ఈ ప్లాను పక్కన పెట్టి చదవాలి. హైవే అలైన్‌మెంట్‌లో పడిందనో, మాస్టర్ ప్లాన్‌లో గ్రీన్ జోన్ అయిందనో ఏళ్లకేళ్లు అమ్ముకోలేక కట్టుకోలేక కూర్చున్న మన ప్లాట్ల యజమానులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. తర్వాత కోర్టులు ఆ ప్లాన్లను కొట్టేశాయి గానీ, అప్పటికే చాలా ఇళ్లు చేతులు మారి, కొన్ని నేలమట్టమయ్యాయి.

ప్రభుత్వం ఈ వ్యవహారంలో ఎన్ని కుర్చీల్లో కూర్చుందో లెక్కపెడితే తల తిరుగుతుంది. బంగారం యజమాని అదే. లైసెన్సు ఇచ్చేది అదే. అనుమతులు పరిశీలించేది అదే. మిన్‌వెస్ట్ ద్వారా కంపెనీలో వాటాదారూ అదే. అవసరమైతే పౌరుడి నేల తీసుకునే అధికారమూ దానిదే. ఇన్ని కుర్చీలుంటే ఏదో ఒక రోజు ఒకటి ఇంకోదాన్ని తన్నక తప్పదు. అది 2013 ఆగస్టులో జరిగింది. ప్రధాని విక్టర్ పోంటా ప్రభుత్వం ఈ ఒక్క గని కోసమే ఒక ప్రత్యేక బిల్లు తెచ్చింది. ప్రాజెక్టుకు ప్రజోపయోగం, అసాధారణ జాతీయ ప్రయోజనం ఉన్నాయని చట్టంలోనే ప్రకటించింది. ప్రభుత్వ వాటా 25 శాతానికి, రాయల్టీ 6 శాతానికి పెంచుతామంది. అసలు సంగతి లోపల ఉంది. ప్రభుత్వం పేరు మీద భూ స్వాధీనం పనులు నడిపే అధికారం కంపెనీకే ఇచ్చారు. కొనాలనుకున్నవాడి చేతికే లాక్కునే తాళం ఇచ్చినట్టు. ఇళ్లు డబ్బుతో రావని ఒప్పుకోవడానికి అంతకన్నా స్పష్టమైన పత్రం ఉండదు.

సెప్టెంబర్ 1న మొదలైన నిరసనలు ఆ శరత్కాలమంతా ఆదివారం ఆదివారం సాగాయి. రాజధాని బుకారెస్ట్‌లో వేలమంది నడిచారు. అందులో చాలామందికి రోషియా మోంటానా ఎక్కడుందో అంతకు ముందు తెలిసి ఉండదు. అదే సెప్టెంబర్‌లో ఇంకో నిరసన కూడా జరిగింది. 33 మంది గని కార్మికులు గని కావాలంటూ భూమి లోపలికి దిగి బయటికి రాలేదు. పోంటా స్వయంగా వెళ్లి వాళ్లను పైకి తెచ్చాడు. ఈ రెండో దృశ్యాన్ని ఉద్యమ కథనాలు చప్పున దాటేస్తాయి. అది సరికాదు. ఆ 33 మందికీ అదే ఊళ్లో ఇళ్లున్నాయో లేదో గానీ, చేతిలో పని లేకపోవడం మాత్రం నిజం. ఆస్తి హక్కు ఆస్తి ఉన్నవాడినే కాపాడుతుంది. జీతం మీద బతికేవాడికి అందులో దక్కేది తక్కువ. చివరికి బిల్లును 2013 నవంబర్‌లో సెనేట్, 2014 జూన్‌లో దిగువ సభ తోసిపుచ్చాయి. ప్రధానిగా బిల్లు పంపిన పోంటా, ఎంపీగా దానికి వ్యతిరేకంగా ఓటేస్తానని ముందే చెప్పడం ఈ కథలో కాస్త నవ్వు తెప్పించే ముక్క.

విచిత్రంగా అదే 2013లో మన దేశంలోనూ ఇవే ప్రశ్నలు ముందుకొచ్చాయి. కేరళ మలబారు భూముల కేసులో సుప్రీం కోర్టు జూలైలో తీర్పిస్తూ, ఏదైనా చట్టం తీసేసుకుంటే తప్ప నేల కింది ఖనిజం మామూలుగా నేల యజమానిదేనని చెప్పింది. భూగర్భమంతా సర్కారుదే అని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చిన మనకు అది ఆశ్చర్యమే. తవ్వకానికి లైసెన్సు పెట్టే అధికారం మాత్రం సర్కారుకు అలాగే ఉంటుంది. ఆ ఏడాదే కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. అందులో ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే 80 శాతం బాధిత కుటుంబాల ముందస్తు సమ్మతి కావాలన్నారు. గనుల తవ్వకం ప్రజోపయోగం జాబితాలోనే ఉంది. రోషియా మోంటానా లెక్కను ఈ చట్టం పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన దగ్గర 80 శాతం 'సరే' అంటే, సామాజిక ప్రభావ అంచనా వగైరా పూర్తయ్యాక, మిగిలిన 20 శాతం నేలను సర్కారు తీసుకోవచ్చు. అక్కడ 80 శాతం అమ్మేసినా మిగిలిన 20 శాతం మీద కంపెనీకి దమ్మిడీ హక్కు రాలేదు. సమ్మతి శాతాన్ని మనం రైతుకు రక్షణ అంటాం. చివరి ఇంటివాడి వైపు నుంచి చూస్తే అది పొరుగువాళ్ల ఓటుతో తన ఇల్లు పోయే ఏర్పాటు కూడా.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి బంగారు గనికి దాదాపు 598 హెక్టార్ల లీజు వచ్చిందీ ఆ 2013లోనే. అక్కడా లీజు వేరు, పొలం వేరు. ఏజెన్సీ ప్రాంతాల్లోనైతే మన గీత ఇంకా గట్టిది. బొర్రా, అనంతగిరి గనుల మీద వచ్చిన 1997 నాటి సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం కుదరదంది. అక్కడ సమ్మతి శాతం లెక్కే రాదు.

రోషియా మోంటానాకు తిరిగొస్తే, బిల్లు పోయాక కంపెనీ ఆస్తి హక్కు అనే మాటనే అందుకుంది. 2015లో గేబ్రియల్ రిసోర్సెస్ అంతర్జాతీయ పెట్టుబడుల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. లైసెన్సు తన ఆస్తి అని, రుమేనియా దాన్ని రాజకీయ కారణాలతో పనికిరాకుండా చేసిందని, 440 కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించమని అడిగింది. ఊరివాళ్లు పదిహేనేళ్లుగా చెబుతున్న మాటే ఇది, నోరు మారింది. 'నా చేతిలో ఉన్నదాన్ని వాడుకోనివ్వకుండా చేశారు' అని 2002 ప్లాను గురించి గ్రామస్థుడు అంటే వినేందుకు స్థానిక కోర్టులున్నాయి, ఏళ్లు పడుతుంది. కంపెనీ అంటే వినేందుకు వాషింగ్టన్‌లో పీఠం ఉంది. 2024 మార్చిలో ట్రిబ్యునల్ మెజారిటీ తీర్పు కంపెనీ వాదనను కొట్టేసింది. పైగా ఖర్చుల కింద దాదాపు కోటి డాలర్లు రుమేనియాకు కట్టమంది.

ఈలోపు 2021 జూలైలో రోషియా మోంటానా గనుల ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అదే రోజు ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేరింది. రోమన్ సొరంగాలు, కొండ చెరువులు, పాత ఇళ్లతో ఊరు మొత్తం రక్షిత ప్రాంతమైంది. గని అనుకున్నచోట ఇక గొయ్యి పడే అవకాశం సన్నగిల్లింది. దాంతో పరిహారం, తీర్పుల చర్చలో అంతగా వినిపించని చిక్కు ఒకటి పైకి తేలింది. ఊళ్లో చాలా ఇళ్లు ఇప్పటికీ కంపెనీవే. కూల్చడానికి కొన్న ఇళ్లు. కూల్చడానికి వీల్లేని ఇళ్లు. యజమానికి వాటితో పని లేదు. కాపురం ఉండేవాళ్లు లేక పెంకులు జారి, వర్షం నీరు దూలాల్లోకి దిగి, ఒక్కో శీతాకాలానికీ ఒక్కో గోడ ఒరుగుతుంది.

2012 నుంచి ఆర్కిటెక్టులు, విద్యార్థులు వేసవిలో అక్కడికి వచ్చి పాత ఇళ్లను బాగుచేసే పనొకటి నడుస్తోంది. సున్నం కలుపుతారు, చెక్క కిటికీలు విప్పి మళ్లీ బిగిస్తారు, పెంకులు సర్దుతారు. నిచ్చెన వేయాలంటే మాత్రం ముందు ఆ ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట అమ్మనని తలుపు వేసుకున్నవాళ్లే ఆ తలుపు తీయగలిగేది. గోడ అవతల ఇల్లు కంపెనీదైతే, అటువైపు పెంకు జారుతున్నది కళ్లకు కనిపిస్తున్నా, ఇటు నిలబడి చూడాల్సిందే.